నలభై ఒకటో పేజీలో అర

ఫిబ్రవరి 3, మంగళవారం

అక్కా,

“నీకు అర్థం కావాల్సిన పనేం లేదురా, ఉన్నది ఉన్నట్టు టైపు కొట్టు, చాలు” అని నిన్న ఫోన్లో అన్నావు. నువ్వేమో టవర్ పోయిందనుకుని తర్వాత మూడుసార్లు చేశావు. టవర్ పోలేదు. నేనే పెట్టేశా.

ఫోన్లో అయితే మనిద్దరం రెండో నిమిషానికి కొట్టుకుంటాం, మూడో నిమిషానికి అమ్మ వచ్చి ఫోన్ లాక్కుంటుంది. అందుకని ఇకమీదట ఏం చెప్పాలన్నా నీ పుస్తకం పేజీల కట్టలో కాగితం పెట్టి చెప్తా. నువ్వూ అలాగే చెప్పు. కొరియర్ ఎలాగూ మనిద్దరి మధ్య తిరుగుతూనే ఉంది.

ఇంతకీ నేనడిగిందేంటి? నీ లెక్కల పుస్తకంలో “స్పష్టంగా” అనే మాట ఎన్నిసార్లు రాశావో తెలుసా అని అడిగా. పదకొండుసార్లు. టైపు కొట్టేవాడికి ఇలాంటివి తెలుస్తాయి. ప్రతిసారీ ఆ మాటకి ముందొక లైను, వెనకొక లైను. ముందు లైనులో ఒక మనిషి గదిలోకి వెళ్తాడు, వెనక లైనులో ఇంకెవరో బయటికొస్తారు. లోపల ఏం జరిగిందంటే, స్పష్టం. ఎవరికి? నీకు. నీ పక్కన స్టాఫ్‌రూములో కూర్చునేవాళ్ళకి. తొమ్మిదో క్లాసులో బడి మానేసి, పంక్చర్ల షాపులో ఏడాది, లిఫ్టుల రిపేరులో ఏడున్నర నెలలు, ఇంకా ఎక్కడెక్కడో చేసి, ఇప్పుడు ఈ టైపింగు, బైండింగు షాపులో జిగురు డబ్బాల మధ్య కూర్చున్నవాడికి కాదు. ఒప్పుకుంటా. కానీ అడగడం కూడా తప్పేనా?

సరే, ఉన్నది ఉన్నట్టే కొడతా. ఇరవై మూడో పేజీ దాకా అయింది. నీ చేతిరాతలో గామా గుర్తు, ఆర్ అక్షరం ఒక్కలాగే ఉన్నాయి. అది కూడా స్పష్టమే అంటావేమో.

ఉంటా.
చక్రం

(ఆ పేరు నువ్వే పెట్టావు. కాళ్ళకి చక్రాలున్నాయని. ఈ షాపులో పద్నాలుగు నెలలైంది, గుర్తుంచుకో.)


ఫిబ్రవరి 5, గురువారం

ఒరేయ్ చక్రం,

నీ ఉత్తరం క్లాసుకీ క్లాసుకీ మధ్య చదివాను. నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత బెల్లు కొట్టారు.

నేనన్న మాట తప్పే. కానీ నా పరిస్థితి కూడా చూడు. ఈ కాలేజీలో ఆరేళ్ళుగా టెంపరరీ లెక్చరర్‌ని. ఏటా వేసవిలో తీసేస్తారు, సెలవులయ్యాక మళ్ళీ రమ్మంటారు. ఈసారి ఒక్క పోస్టు పర్మనెంట్ చేస్తున్నారు. దానికి ఇద్దరం పోటీ. నేను, మా డిపార్టుమెంటులోనే ఉన్న ఆ ఇస్త్రీ చొక్కా అతను. ఇద్దరూ పాఠం పుస్తకంలా రాసి ఇవ్వాలి, పంతొమ్మిదో తారీఖున కమిటీ ముందు బోర్డు మీద దాన్ని నిరూపించాలి. కమిటీలో పెద్దాయనకి మేం పెట్టుకున్న పేరు మెట్లాయన. “మెట్టు మెట్టుగా రండి, దూకొద్దు” అనడం ఆయనకి ఊతపదం. ఆయన ముందు నిలబడాలంటే పుస్తకం అద్దంలా ఉండాలి. అది మనసులో పెట్టుకుని నీ మీద అరిచాను.

నీకు అర్థం కాకూడదని కాదు. ఇదిగో, చెప్తా విను. ఐదు ఫాక్టోరియల్ అంటే ఐదుని నాలుగుతో, మూడుతో, రెండుతో, ఒకటితో గుణించడం. అది ఒకటి, రెండు, మూడు లాంటి పూర్తి సంఖ్యలకే పనికొస్తుంది. రెండున్నరకి ఫాక్టోరియల్ ఎంత అంటే నోరు తెరవాలి. గామా ఫంక్షన్ ఆ మధ్య ఖాళీల్ని నింపుతుంది. ఒక గీత గీసి, దాని కింద వైశాల్యం కొలిచి, ఇదీ జవాబు అంటుంది. అలాంటి ఫంక్షన్ల మధ్య ఉండే సంబంధాల్ని నిరూపించడమే నా పుస్తకం. అంతే.

ఇక “స్పష్టంగా” అనేది మా వాళ్ళ అలవాటు. డిగ్రీ పిల్లలకి ఆ మాత్రం తెలిసుంటుందని. నువ్వు దాన్ని వెటకారం చేశావు గానీ నాకు టైమ్ ఉంటే పదకొండూ తీసేసేదాన్నే.

గామా గుర్తుకి తోక ఉండదు. తోక ఉంటే ఆర్.

అమ్మ మోకాలు ఎలా ఉంది?
అక్క


ఫిబ్రవరి 8, ఆదివారం

అక్కా,

అమ్మ మోకాలు బాగానే ఉంది, నోరు ఇంకా బాగుంది.

పుస్తకం మొత్తం కొట్టేశా. అరవై నాలుగు పేజీలు. చూసి సంతకం పెట్టి పంపు, బైండింగు మొదలెడతా. ఈ గుర్తులు కొట్టడం ఎంత యాతనో నీకు తెలీదు. ఇంటిగ్రల్ గుర్తుకి పైనొక గడి, కిందొక గడి. పైదాంట్లో కొట్టబోయి కిందదాంట్లో కొడితే లెక్కంతా తలకిందులు. మా ఓనరు వెనక నిలబడి, “ఆ వంకర గీతలకి పేజీకి ఎంత తీసుకోవచ్చురా” అని అడిగాడు. మా అక్క పుస్తకం అన్నా. “అయితే ఇంకా ఎక్కువ తీసుకో” అన్నాడు.

నువ్వు చెప్పిన గామా సంగతి మా షాపు కంప్యూటర్లో చూశా. గామాకి అర ఇస్తే రూట్ పై వస్తుందంట. గుండ్రటి వస్తువేదీ లేని చోట పై ఎలా దూరింది? దాని గురించే ఒక రోజంతా ఆలోచించి, ఒకాయన పెళ్ళి కార్డులకి తలకిందులుగా గమ్ము పూశా. తిట్లు తిన్నా. తర్వాత నీ పుస్తకంలోని రెట్టింపు సూత్రం తీసుకుని ఎమ్ బదులు ఒకటి వేసి చూశా. ఎడమవైపూ కుడివైపూ సున్నా పాయింటు ఎనిమిది ఎనిమిది ఆరు. ఒళ్ళు జలదరించింది. ఇది నిజంగా నిజం అన్నమాట.

ఆ సూత్రం ఉన్న నలభై ఒకటో పేజీ దగ్గర రెండు రోజులు ఆగిపోయా. ఒక సంగతి అడుగుదామనుకున్నా. వద్దులే. ఇప్పుడు బాగానే ఉంది.

నీ
చక్రం


ఫిబ్రవరి 12, గురువారం

చక్రం గారికి,

మీ టైపింగు ముద్దొస్తోంది. అంచులు, వరసలు, అంకెలు, అన్నీ తీర్చిదిద్దినట్టున్నాయి.

నలభై ఒకటి దగ్గర ఎందుకు ఆగిపోయావో నాకు తెలుసు. ఆ కాగితం మీద టీ ఒలకబోసుకున్నా. రెండు లైన్లు అలుక్కుపోయాయి. ఎలాగో పోల్చుకున్నావు, బుర్రున్నవాడివి.

ఒక మాట చెప్పనా? తొంభై ఆన్సర్ పేపర్లు దిద్దాలి నేను, ఎల్లుండికి. కళ్ళు మండుతున్నాయి. అందుకని ప్రతి లైనూ చూడలేదు. మొదటి పది పేజీలు చూశా, ఒక్క తప్పు లేదు. మిగతావాటికి నీ మీద నమ్మకంతో చూడకుండానే సంతకం పెట్టేశా. ఇంకెవరైనా అయితే పెట్టేదాన్ని కాదు. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పలేకపోయాననే దిగులు నాకెప్పుడూ ఉండేది. నేను సరిగ్గా చెప్పుంటే నువ్వు బడి మానేవాడివి కాదేమోనని. ఈ పేజీలు చూస్తే ఆ దిగులు కొంచెం తగ్గింది.

ఆరు కాపీలు. ముదురు నీలం అట్ట. పదిహేడుకి అందాలి.

అక్క


ఫిబ్రవరి 14, శనివారం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. చూడకుండా సంతకం పెట్టానన్న చోట ప్రతిసారీ ఆగాను. నన్ను నమ్మి ఎవరూ ఇంతవరకు సైకిల్ కూడా ఇవ్వలేదు.

టీ మరక సంగతి కాదుగానీ, సరేలే. నువ్వే ఎప్పుడో చూస్తావు, చూసి ఫోన్ చేస్తావు. అప్పుడు మాట్లాడతా.

ఆరు కాపీలు ఇవాళే పంపిస్తున్నా. వెన్ను మీద అక్షరాలు నేనే అద్దా. మా ఓనరు ఒకటి చేతిలో పట్టుకుని, “దీన్ని చదివేవాడు ఎవడో గానీ, మోసేవాడికి మాత్రం హుందాగా ఉంటుంది” అన్నాడు.

పంతొమ్మిదిన గట్టిగా మాట్లాడు. నీ గొంతు చివర్లో సన్నబడిపోతుంది.

చక్రం


ఫిబ్రవరి 20, శుక్రవారం

నా చేతిరాత కాగితాలన్నీ వెంటనే పంపించు. ముఖ్యంగా నలభై ఒకటి. ఇకమీద నా పేజీలేవీ కొట్టొద్దు.


ఫిబ్రవరి 22, ఆదివారం

అక్కా,

మూడు లైన్లు. పేరు కూడా పెట్టలేదు కింద. ఫోన్ చేస్తే ఎత్తవు. అమ్మ చేస్తే “తలనొప్పి” అని పెట్టేస్తావు.

కాగితాలు పంపుతున్నా, తీసుకో. నేనేం దాచుకోలేదు. ఏమైందో మాత్రం నాకు తెలియాలి. అట్ట రంగు గురించా? ముదురు నీలం అన్నావు, అది ముదురు నీలమే, ట్యూబ్‌లైటు కింద నల్లగా కనిపిస్తే నేనేం చెయ్యను. లేకపోతే “స్పష్టంగా” గురించి నేను ఎగతాళి చేశానని ఇప్పుడు గుర్తొచ్చిందా? పోస్టు ఆ ఇస్త్రీ చొక్కాకి ఇచ్చేశారా? ఇస్తే ఇచ్చారు, దానికి నా టైపింగు ఏం చేసింది?

నిజం చెప్పాలంటే నీ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నా పంతొమ్మిది నుంచి. నన్ను మెచ్చుకుంటావని. చూడు ఎంత వెర్రివాణ్ణో.

నీ పేజీలు కొట్టడం మానెయ్యమన్నావుగా, మానేశా. నాకేం, చక్రాలు ఉండనే ఉన్నాయి.

తమ్ముడు


ఫిబ్రవరి 24, మంగళవారం

ఒరేయ్,

కాగితాలు అందాయి. నా చేతిరాత, నీ అచ్చు పక్కపక్కన పెట్టుకుని చూశాను. నీ అచ్చులో నలభై ఒకటో పేజీలో ఇంటిగ్రల్ ముందు ఒక అర ఉంది, నా కాగితంలో అక్కడ అది లేదు. టీ మరక ఆ లైను మీద లేనే లేదు, రెండు లైన్ల కింద ఉంది. కాబట్టి పొరపాటున పడింది కాదు. నువ్వు పెట్టావు.

ఏం జరిగిందో విను. పంతొమ్మిదిన మెట్లాయన పుస్తకం తిరగేస్తూ నలభై ఒకటి దగ్గర ఆగాడు. “అమ్మా, ఈ లైనులో ఇంటిగ్రల్ ముందు ఒక అర వచ్చింది. కింద లైనులో లేదు. ఎక్కడికి పోయింది?” అన్నాడు. బోర్డు దగ్గరికి రమ్మన్నాడు. సుద్దముక్క చేతిలో పెట్టాడు. నేను ఎప్పుడూ చూడని అర అది. నా పేరు మీద అచ్చయిన పుస్తకంలో. ఐదుగురు కూర్చుని చూస్తున్నారు. ఇస్త్రీ చొక్కా అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “తప్పు నాదేనండీ” అన్నాను. నిన్ను అనలేదు. నిన్ను అంటే, చూడకుండా సంతకం పెట్టానని కూడా చెప్పాలి కదా.

పన్నెండు రోజులు గడువిచ్చారు. మార్చి మూడున దిద్దిన కాపీలతో మళ్ళీ రమ్మన్నారు. దయ తలచి ఇచ్చారు. ఆ దయ నాకు ఎంత బరువుగా ఉందో నీకు చెప్పలేను.

ఒక్కటే అడుగుతా. “అర్థం కావాల్సిన పని లేదు” అన్నందుకా? నిన్ను చిన్నబుచ్చానని, నన్ను నలుగురిలో నిలబెట్టి చూద్దామనుకున్నావా? మెచ్చుకుంటానని ఎదురుచూశానన్నావే, ఆ మాట చదివి నాకు భయమేసింది.

అక్క


ఫిబ్రవరి 26, గురువారం

అక్కా,

కక్ష కాదు. ముందు ఆ మాట రాసి మిగతాది రాస్తున్నా. నువ్వు నమ్మకపోయినా సరే, కక్ష కాదు.

నిన్నటి నుంచి అద్దంలో మొహం చూసుకోలేదు. గడ్డం కూడా గీసుకోలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఈ షాపులో చేరినప్పటి నుంచి కొట్టిన ప్రతి లెక్కల నోట్సూ చదువుతున్నా. ఇంటిగ్రల్ అంటే ఏంటో, కోణం పేరు మారిస్తే ఏం మారుతుందో, పాడైపోయిన జిరాక్సు కాగితాల వెనక రాసి చూసుకుంటా. పుస్తకాన్ని జిగురు డబ్బాల వెనక దాస్తా. మా ఓనరు అందులో ఏదో పాడు పుస్తకం ఉందనుకుని ఒకరోజు వెతికాడు. కాలిక్యులస్ చూసి ఇంకా కంగారుపడ్డాడు.

నీ నలభై ఒకటో పేజీలో కోణం రెట్టింపు చేశావు. పాత కోణం తీటా, కొత్త కోణం ఫై, ఫై అంటే రెండు తీటాలు. అలా చేస్తే ముందు ఒక అర రావాలి. ఆ ఒక్కటీ నాకు తెలుసు. నీ కాగితంలో రాలేదు. “స్పష్టంగా” అని ఉంది, అంతే. అక్క పొరపాటు చేసింది అనుకున్నా. నేనే కనిపెట్టాననుకున్నా. ఎంత పొంగిపోయానో చెప్పడానికి కూడా సిగ్గేస్తోంది. పెట్టాను అర. కింద లైనులో మళ్ళీ లేదు. అదెక్కడికి పోయిందో నాకూ తెలీలేదు. కానీ చివరి సూత్రం అంకెలు వేస్తే సరిపోతోంది కదా, మధ్యలో ఎక్కడో కలిసిపోయి ఉంటుందిలే అని వదిలేశా. నువ్వు “స్పష్టంగా” అన్నట్టే నేనూ అన్నా, మాట రాయలేదంతే.

నిన్ను అడగొచ్చు. ఒక్క ఫోన్. “అక్కా, ఇక్కడ అర ఎందుకు లేదు?” అంతే. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగా. అడగలేకపోయా. ఎందుకో చెప్తా.

తొమ్మిదో క్లాసులో నీ పాత నోట్సు పెట్టెలోంచి తీసి హోంవర్కు ఎక్కించేవాణ్ణి. నీకు తెలీదు. సారుకి అనుమానం వచ్చి ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచాడు. నా నోట్సులో ఉన్నదే బోర్డు మీద రాయించాడు. రాశా. “ఈ లైను నుంచి ఈ లైనుకి ఎలా వచ్చావు?” అన్నాడు. మధ్యలో ఏముందో తెలీదు. నువ్వు నీ నోట్సులో ఆ మెట్టు రాసుకోలేదు, నీకు అక్కర్లేదు కాబట్టి. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “చెప్పేదాకా నిలబడు” అని కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకున్నాడు. పీరియడు మొత్తం సుద్దముక్క పట్టుకుని నిలబడ్డా. చెమటకి అది చేతిలో ముద్దయిపోయింది. బెల్లు కొట్టాక పుస్తకాల సంచి అక్కడే వదిలేసి వచ్చేశా. మళ్ళీ వెళ్ళలేదు. ఇంట్లో లెక్కలంటే ఇష్టం లేదన్నా. అప్పటినుంచి ఎక్కడైనా ఎవరైనా “ఇది ఎలా?” అని అడిగితే ఆ పని మానేస్తా. లిఫ్టుల దగ్గరా అంతే. నా కాళ్ళకి చక్రాలు లేవక్కా, వెనకెవరో తరుముతున్నారు.

నువ్వు సరిగ్గా చెప్పలేదని కాదు నేను మానేసింది. నీ దగ్గర దొంగిలించి మానేశా. ఆ దిగులు ఇక పెట్టుకోకు.

ఇప్పుడు నేను తప్పించుకున్న బోర్డు దగ్గర నిన్ను నిలబెట్టా.

నిన్న కూర్చుని అర సంగతి తేల్చా. అచ్చులో కాదు, పెన్సిలుతో. సైన్ గీత గీశా. సున్నా డిగ్రీల దగ్గర నేల మీద మొదలై, తొంభై దగ్గర శిఖరం ఎక్కి, నూట ఎనభై దగ్గర మళ్ళీ నేలకి దిగుతుంది. గుట్టలాగా. నీ మొదటి లైనులో కోణం లోపలే రెట్టింపు అయి ఉంది కాబట్టి, గుట్ట మొత్తం ఇరుకుగా సున్నాకీ తొంభైకీ మధ్యే ఇమిడిపోయింది. కోణం పేరు మార్చడమంటే ఆ గుట్టని అడ్డంగా రెండింతలు సాగదీయడం. సాగదీస్తే చోటు రెట్టింపవుతుంది, అందుకని ముందు అర పెట్టి సరిచేయాలి. ఇక్కడిదాకా నాకు తెలుసు. కానీ సాగదీశాక గుట్ట తొంభై దగ్గర ఆగదు, నూట ఎనభై దాకా వెళ్తుంది. ఇంటిగ్రల్ పై గడిలో అంకె మారాలి. అది నేను మార్చలేదు, చూడనే లేదు. ఆ గళ్ళు కొట్టేది నేనే, అక్కా.

ఇప్పుడు గుట్ట ఎక్కేవైపూ దిగేవైపూ ఒక్కలాంటివే. కాబట్టి ఎక్కేవైపు మాత్రమే కొలిచి రెండుతో గుణిస్తే చాలు. ఆ రెండు, ముందు వచ్చిన అర, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మళ్ళీ సున్నా నుంచి తొంభై. అర లేదు. నువ్వు రాసిందే కరెక్టు. నువ్వు దూకిన చోట రెండు మెట్లున్నాయి, నేను ఒకటి ఎక్కి ఆగిపోయా.

ఎవరితోనైనా నా పేరు చెప్పు. నేనే చేశానని చెప్పు.

తమ్ముడు


ఫిబ్రవరి 28, శనివారం

నాన్నా,

నీ ఉత్తరం కాలేజీ మెట్ల మీద కూర్చుని చదివాను. పిల్లలు దాటుకుంటూ వెళ్ళారు.

నా ఆ పాత నోట్సు గుర్తుంది. ఆ మెట్టు నేను రాసుకోకపోవడం అక్కర్లేక కాదు. నాకూ తెలియక. సారు దగ్గర దిద్దించుకుని, జవాబు సరిపోయింది కదా అని వదిలేశాను. తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది. నా మీద గొప్ప అభిప్రాయం పెట్టుకోకు.

ఇంకోటి. మొన్న రాసినప్పుడు ఒక సంగతి దాచాను. బోర్డు దగ్గర నేను వెంటనే “తప్పు నాదే” అనలేదు. “ఆ అర కింద లైనులో కలిసిపోతుందండీ, స్పష్టమే కదా” అన్నాను. నవ్వుతూ అన్నాను. అది తప్పని నాకు ఆ క్షణంలోనే అనుమానం వచ్చింది. అయినా నా పేరు మీద అచ్చయింది కాబట్టి వెనకేసుకొచ్చాను. మెట్లాయన “దేనితో కలుస్తుందమ్మా, చూపించు” అన్నాడు. అక్కడ ఆగిపోయాను. నన్ను ముంచింది నీ అర కాదురా. పిల్లలకి రోజూ “తెలియకపోతే అడగండి” అని చెప్పే నోటితో ఆ మాట అన్నాను చూడు, అది. నీ మీద విరుచుకుపడ్డది కూడా అందుకే. కక్ష అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు పని మాట. పదకొండు “స్పష్టంగా”లూ తీసేశాను. ప్రతిచోటా మధ్య మెట్లు రాశాను. నలభై ఒకటో పేజీకి మాత్రం నేనేం రాయలేదు. నీ గుట్ట సంగతి నువ్వు రాసింది రాసినట్టే కొట్టు. ఒక్క ముక్క మార్చకు. మా వాళ్ళెవరూ అంత తేటగా చెప్పరు.

ఒక లెటరు కమిటీకి ఇచ్చేశాను. చూడకుండా సంతకం పెట్టానని, ఆ అర టైపు చేసినతను పెట్టాడని, దాన్ని విడమరిచి దిద్దింది కూడా అతనేనని. తమ్ముడివని రాయలేదు. రాస్తే ఇంటివాణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు.

కాపీలు కొరియర్లో వద్దు, టైపింగుకీ బైండింగుకీ ఆదివారం, సోమవారం రెండూ పోతాయి. మంగళవారం పొద్దున్నే నువ్వే తీసుకురా. లెక్కల బిల్డింగు రెండో అంతస్తు. నాకు పది దాకా క్లాసుంది. కాపీలు అటెండర్‌కి ఇచ్చి బయట బెంచీ మీద కూర్చో. నువ్వెవరితోనూ ఏమీ మాట్లాడక్కర్లేదు.

అక్క


మార్చి 3, మంగళవారం, తొమ్మిదిన్నర

అక్కా,

నీ కోసం రెండో అంతస్తులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నా, అక్షరాలు వంకర పోతున్నాయి. అటెండర్‌కి ఇచ్చి పోతా, నువ్వు క్లాసు నుంచి రాగానే ఇస్తానన్నాడు.

ఎనిమిదికే వచ్చేశా. కాపీలు బాగా వచ్చాయి. నిన్న మా ఓనరు కత్తెర మిషను దగ్గర కూర్చుని నలభై ఒకటో పేజీ చదివాడు. “ఈ గుట్ట నాకు కూడా కనబడుతోందిరా” అన్నాడు. ఆయన మెచ్చుకోవడం పద్నాలుగు నెలల్లో ఇదే మొదలు, అదీ లెక్కల గురించి.

అటెండర్ కాపీలు లోపలికి తీసుకెళ్ళాడు. పావుగంటకి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. పొట్టిగా, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. మెట్లాయనే అయ్యుంటాడనుకున్నా. నా పక్కన బెంచీ మీదే కూర్చున్నాడు. నేను లేచి నిలబడితే, “కూర్చో బాబూ, ఇదేం పరీక్ష కాదు” అన్నాడు.

“టైపు చేసింది నువ్వేనా?”

“నేనేనండీ.”

“ఏం చదువుకున్నావు?”

నేల చూశా. చెప్పా. తొమ్మిదో క్లాసు, అది కూడా పూర్తి కాలేదని.

ఆయన కాసేపు పెన్ను క్యాపు తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు. తర్వాత అన్నాడు, “ఆ అమ్మాయి ఒక లెటరు ఇచ్చింది. ఈ పేజీలో తప్పు చేసిందీ, దిద్దిందీ టైపు చేసినవాడే అని. తప్పు చేశాడంటే నమ్మాం. దిద్దాడంటే లోపల నలుగురూ నమ్మట్లేదు. తన తప్పు దాచుకోవడానికి కథ అల్లిందంటున్నారు. తప్పు ఎవరైనా చేస్తారు బాబూ. అబద్ధం చెప్పినవాళ్ళకి మాత్రం ఈ పోస్టు ఇవ్వం.”

“అబద్ధం కాదండీ” అన్నా.

“అయితే లోపలికొచ్చి బోర్డు మీద చూపిస్తావా? ఇష్టమైతేనే. బలవంతం లేదు.”

ఆలోచించుకోవడానికి పావుగంట ఇచ్చి లోపలికెళ్ళాడు. ఆ పావుగంటలోనే ఇది రాస్తున్నా.

నిజం చెప్తా. ముందు మెట్ల వైపు చూశా. తిరుగు బస్సు టికెట్టు జేబులోనే ఉంది. చెయ్యి జేబులోకి వెళ్ళింది కూడా. నేను వెళ్ళిపోతే నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. లోపలికెళ్ళి నోరు పెగలకపోయినా అంతే. నీ ఆరేళ్ళూ నా నాలిక మీద ఉన్నాయి. నాకేమో అరచేతులు చెమట. ఈ కాగితం చివర మరక అదే, టీ కాదు.

తలుపు సందులోంచి బోర్డు కనిపిస్తోంది. తుడిచి ఉంది. మనసులో గుట్ట గీసుకుని చూశా. సున్నా, తొంభై, నూట ఎనభై. ఎక్కేవైపు, దిగేవైపు. అర, రెండు. మధ్యలో ఏదో ఒకటి మర్చిపోతా, నాకు తెలుసు. మర్చిపోతే తెలీదని చెప్తా. కలిసిపోతుందండీ అనను.

అటెండర్ని సుద్దముక్కలు ఎన్నున్నాయి లోపల అని అడిగా. డబ్బా నిండా ఉన్నాయంట. ఒకటి ముద్దయిపోతే ఇంకోటి

పిలుస్తున్నారు. వెళ్ళాలి.